అక్కా, ఇంకా కోపం పోలేదా?

నేను చేసే పనేమిటని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో, బిర్యానీ హోటలు పైన ఉన్న చిన్న ఆఫీసులో కూర్చుని, కొట్లవాళ్ళ తరఫున జనానికి ఈమెయిళ్ళు రాస్తాను. చీరల కొట్టు, కళ్ళజోళ్ళ కొట్టు, మంచాలూ సోఫాలూ అమ్మే కొట్టు. ఎవరూ అడగని ఉత్తరాలు. మా బంధువొకాయన "అయితే కరపత్రాలు పంచే పనేగా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ ఆయన అన్నది అబద్ధమేమీ కాదు.

ఉత్తరం రాయడం ఒక ఎత్తు, దాన్ని తెరిపించడం మరొక ఎత్తు. మేం పంపేవాటిలో చాలా భాగం ఎవరూ ముట్టుకోకుండానే అడుగున పడిపోతాయి. తెరిచేదీ తెరవనిదీ పైన కనిపించే ఒక్క వరుసను బట్టి ఉంటుంది. ఆ వరుస రాయడంలో నాకు చెయ్యి తిరిగిందని ఆఫీసులో పేరు. మా మేనేజరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. "ఎక్కడ నేర్చుకున్నారక్కా ఇదంతా?" అని అడుగుతుంటాడు. నేర్చుకున్నది మా ఇంటి వసారాలో అని చెబితే నవ్వులాట అనుకుంటాడు.

ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే మా ఊరు. ఊరి పోస్టాఫీసు మా ఇంటి వసారాలోనే ఉండేది. మా అమ్మ బ్రాంచి పోస్టుమాస్టరు. ఒక బల్ల, ఒక కుర్చీ, తేదీ ముద్ర, ఇంకు దిండు, గోడకు తగిలించిన ఎర్ర డబ్బా. అంతే ఆఫీసు. పొద్దున పదిన్నరకు సైకిలు మీద టపా సంచి వచ్చేది. అది వచ్చేసరికి వసారా నిండిపోయేది. పల్లెకారుల ఆడవాళ్ళు చేపల గంపలు కిందపెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేవాళ్ళు. వసారా అంతా ఎండుచేపల వాసన, ఇంకు వాసన. ఇప్పుడు ఎక్కడైనా ఆ రెండూ కలిసి తగిలితే నడుస్తున్నదాన్ని ఆగిపోతాను. ఆ వాసన కోసం నేను ఎంత దూరమైనా పోతాను, నిజంగా.

వాళ్ళలో చాలామందికి చదువు రాదు. ఉత్తరం ఇచ్చేదీ అమ్మే, చదివేదీ అమ్మే. కానీ అమ్మ చేతిలో పెట్టగానే ఎవరూ చింపేవాళ్ళు కాదు. ముందు తిప్పి చూసేవాళ్ళు. అక్షరం రాకపోయినా చేతిరాత గుర్తుపట్టేవాళ్ళు. "ఇది మా బావమరిది గీత. ఏదో అడగడానికే రాసుంటాడు, సాయంత్రం చూద్దాంలే" అని ఒకాయన మడిచి మొలలో దోపుకునేవాడు. మూలకు పసుపు పూసిన కవరైతే గంప కింద పెట్టకముందే చదవమనేవాళ్ళు. నల్లసిరా పూసిన కార్డు వస్తే అమ్మ అందరి ముందూ ఇచ్చేది కాదు. ఆ ఇంటి పెద్దను పక్కకు పిలిచి, ముందు మంచినీళ్ళు ఇచ్చేది.

ఒకామె మొగుడు కువైట్లో ఉండేవాడు. రెండు మూడు నెలలకొక కవరు వచ్చేది. ఆమె మాత్రం వచ్చిన రోజున చదివించుకునేది కాదు. రవికెలో పెట్టుకుని చేపలమ్మడానికి పోయేది. మర్నాడు వచ్చి కూర్చునేది. ఎందుకట్లా అని నేను అడిగితే, "చదివేస్తే అయిపోద్ది కదమ్మా. మళ్ళా ఎప్పుడొస్తాదో ఏమో" అంది. తెరవకపోవడంలో కూడా ఆశ ఉంటుందని నాకు తొమ్మిదేళ్ళకే తెలిసింది. మా మేనేజరుకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా చూసి పెరిగినదాన్ని కాబట్టి, ఉత్తరంలో ఏముందన్నది జనానికి తర్వాతి సంగతని నాకు తెలుసు. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్నదే ముందు. తగ్గింపు ధరలని గొంతు చించుకుంటే ఎవరూ తలతిప్పరు. మనవాళ్ళెవరో పిలిచినట్టుంటే తిప్పుతారు. ఆ తెలివిని నేను అమ్ముకుని బతుకుతున్నాను.

అమ్మ ఇప్పుడు మాతోనే నెల్లూరులో ఉంటుంది, నా పక్క గదిలో. ఫోను కొనిచ్చి మెయిలు పెట్టిస్తే, వచ్చిన ప్రతి ప్రకటననూ పూర్తిగా చదువుతుంది. పేరు రాసి పంపిన ఉత్తరాన్ని తెరవకపోవడం మర్యాద కాదంటుంది. ఒక్కోసారి జవాబు కూడా రాస్తుంది. జుట్టు నూనె కంపెనీకి "అయ్యా, నాకు మిగిలిన జుట్టుకు ఇంట్లో ఉన్న కొబ్బరినూనె చాలును" అని రాసింది. అవి ఎవరూ చదవరమ్మా అంటే నమ్మలేదు. చివరికి విసుగొచ్చి, "మా సోఫాల కొట్టువి మాత్రం చదువుతారు. చదివేది నేనే" అన్నాను.

పోయిన ఏడాది ఆ సోఫాల కొట్టువాళ్ళకు ఒక బెంగ పట్టుకుంది. పాత ఖాతాదారులు మెయిళ్ళు తెరవడం మానేశారట. వాళ్ళను మళ్ళీ పిలిచే వరుస ఒకటి కావాలన్నారు. నేను టీ తాగేలోపల రాసిచ్చాను. ఆడవాళ్ళ జాబితాకు "అక్కా, ఇంకా కోపం పోలేదా?" అని. పంపినవారి చోట కొట్టు పేరు తీసేసి "మీ చెల్లెలు" అని పెట్టించాను. లోపల తెరిస్తే సోఫా బొమ్మ, కింద చిరునామా.

అది పేలింది. మా ఆఫీసులో ఏ మెయిలునూ అంతమంది తెరవలేదు. మేనేజరు కింద హోటలు నుంచి అందరికీ బిర్యానీ తెప్పించాడు. నేను కోడి కాలు కొరుకుతూ వచ్చిన జవాబులు చూస్తున్నాను. "ఇక పంపకండి" అని కొందరు. "మూడు సీట్లది ఎంత?" అని కొందరు. "ఎవరు తల్లీ నువ్వు, గుండె ఆగినంత పనైంది" అని ఒకామె. ఆ తర్వాతది మా అమ్మ దగ్గర్నుంచి. మంచం కొన్నప్పుడు బిల్లు మీద ఆమె మెయిలు ఇచ్చిన సంగతి నాకు గుర్తే లేదు.

"చెల్లెలికి అక్క రాయునది. కోపం ఉండవలసింది నీకు, నాకు కాదు. ఆ రోజు నువ్వు వచ్చి అడిగితే నాకేం తెలియదన్నాను. తెలుసు. నీకు మద్రాసు నుంచి వచ్చిన ఇన్‌లాండు ఉత్తరం నేనే ఇవ్వలేదు. చింపలేదు, చదవలేదు, నా దగ్గరే ఉంది. ఊళ్ళో ఎవరి ఉత్తరమూ ఒక్క పూట ఆపనిదాన్ని, నీది ఆపాను. నేను పోయేలోపల నీ చేతికివ్వాలని ఉంది. ఎవరైనా నన్ను గూడూరు తీసుకుపోతే బాగుండును."

కోడి కాలు అట్లాగే పొట్లంలో పెట్టేశాను.

మా పిన్ని, అంటే అమ్మకు సొంత చెల్లెలు, గూడూరులో ఉంటుంది. పెళ్ళికి ముందు రెండేళ్ళు మా ఇంట్లోనే ఉండి, పక్క ఊరి మిషను బడిలో పాఠాలు చెప్పింది. అదే బడిలో పనిచేసిన ఒకతను మద్రాసు పోయాడు. మా చర్చి కుర్రాడు కాదు, ఇంట్లో ఒప్పుకునే సంబంధం కాదు. పోయినాక రాస్తానన్నాడట. ఇంకా రాయలేదనుకుని పిన్ని ఆరు నెలలు వసారా స్తంభానికి ఆనుకుని టపా సంచి కోసం చూసింది. నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. తర్వాత తాత కుదిర్చిన సంబంధం చేసుకుని గూడూరు వెళ్ళిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట ఎవరి పెళ్ళిలోనో అతని చెల్లెలు కనబడి, "మా అన్న రాసినాడు కదక్కా, మీరే జవాబు రాయలేదు" అందట. పిన్ని ఆ పెళ్ళి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి అతని ఉత్తరం వచ్చిందా అని అమ్మను ఒకే మాట అడిగింది. అమ్మ తెలియదంది. పిన్ని మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మాటల్లేవు, ఫోనెత్తదు, మా గడప తొక్కదు. ఇందులో అమ్మ తప్పుందని నేను ఒక్క రోజు కూడా అనుకోలేదు. పిన్నికే పంతమెక్కువని తిట్టుకున్నాను.

స్కూటీ ఎట్లా నడిపానో, ఇంటికొచ్చి పడ్డాను. నా కడుపుకూటి కోసం రాసిన ఒక దొంగ వరుస మా అమ్మనే మోసం చేసిందనీ, చెల్లెలే రాసిందని ముసలావిడ ఆశపడిందనీ దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. అమ్మ మంచం మీద కూర్చుని చింతచిగురు ఏరుతోంది.

"అమ్మా, పొద్దున నీకొచ్చిన మెయిలు పిన్ని రాసింది కాదు. నేను రాసింది. సోఫాల కొట్టుది."

"తెలుసు" అంది, ఈనె తీసి పక్కన పడేస్తూ. "కింద సోఫా బొమ్మ ఉంది గదమే. మీ పిన్ని సోఫా బొమ్మ అంటించి రాస్తాదా?"

నేను మంచం అంచున కూర్చున్నాను. "మరి తెలిసీ ఎందుకు రాశావు?"

"జవాబులు చదివేది నువ్వేనని నువ్వే చెప్పినావు కదా."

"పక్క గదిలోనే ఉన్నాను కదమ్మా! నాతో చెప్పకూడదా?"

"చెప్పినాను. గుడ్‌ఫ్రైడే ముందు ఒకసారి, వానలప్పుడు ఒకసారి, మొన్న బుధవారం ఒకసారి. గూడూరు పోదామా అన్నాను. ఊఁ అన్నావు. ఆ ఫోన్లోంచి తల ఎత్తలా. నువ్వు ఎత్తకపోతే నేనే అందులోకి వస్తే సరిపోద్ది అనుకున్నా."

కోపంగా అనలేదు. టపా సంచి ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పింది. జనం ఏది తెరుస్తారో చెప్పి జీతం తీసుకునేదాన్ని నేను. మూడుసార్లు మా అమ్మ నా ముందుకొచ్చి నిలబడితే, మూడుసార్లూ చూడకుండా పక్కకు తోసేశాను. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. ఆమె ఒళ్ళో తలపెట్టుకుంటే, "చిగురు నలిగిపోద్ది, లెయ్" అంది.

మర్నాడు మేనేజరు అలాంటి వరుసే ఇంకోటి కావాలన్నాడు. చుట్టరికం పెట్టి పిలిచేవి ఇక రాయనన్నాను. "ఎందుకక్కా?" అన్నాడు పాపం, అలవాటు కొద్దీ.

శనివారం పొద్దున అమ్మా నేనూ రైలెక్కాం. ఇన్‌లాండు ఇన్నాళ్ళూ నా పదో తరగతి మార్కుల కాగితాలున్న ప్లాస్టిక్ కవరులోనే ఉందట. ఆ కవరు నేను ఎన్నిసార్లు తీసి పెట్టానో లెక్కలేదు. ఉత్తరం నీలం రంగు వెలిసి బూడిద రంగుకొచ్చింది. అంటించిన అంచులు అట్లాగే ఉన్నాయి. మీద మా ఊరి ముద్ర, అమ్మ చేత్తో కొట్టింది. ఫోను సంచిలో వేసి, కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టి, "ఇప్పుడు చెప్పు" అన్నాను. గూడూరు దాకా చెప్పింది.

"అప్పటికే సంబంధం మాటలు నడస్తా ఉండె. మీ తాతకు తెలిస్తే దాని కాళ్ళిరగ్గొడతాడని భయం. రేపు ఇద్దాంలే అనుకున్నా. రేపు వచ్చేది, నా చెయ్యి ఆడేది కాదు. పెళ్ళయిపోయినాక ఇంక ఏం మొహం పెట్టుకుని ఇస్తాను?"

"అడిగినప్పుడైనా ఒప్పుకోవచ్చు కదా?"

"అదే కదమ్మా నేను చేసిన అసలు తప్పు" అంది.

పిన్నికి మేం వస్తున్నట్టు చెప్పలేదు. చెబితే తాళం వేసుకుని పోతుందని అమ్మ భయం. బాబాయి పగలంతా నిమ్మకాయల మార్కెట్లో ఉంటాడు. తలుపు పిన్నే తీసింది. నన్ను చూసింది, నా వెనక అమ్మను చూసింది. రమ్మనలేదు. తలుపు వెయ్యనూ లేదు.

అమ్మ ఏవేవో చెప్పాలని వచ్చింది. రైలు దిగినప్పటి నుంచి పెదాలు కదుపుతూనే ఉంది. తీరా అక్కడికి వచ్చాక కవరులోంచి ఇన్‌లాండు తీసి రెండు చేతులతో అందించింది.

పిన్ని దాన్ని తీసుకుని తిప్పి చూసింది. చేతిరాత చూసింది. ముద్ర మీద తేదీ చూసింది. "అయితే తెలుసన్నమాట నీకు" అంది.

"తెలుసు. అబద్ధం చెప్పినాను."

పిన్ని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు తెరిచే ఉంది. నేను అడుగు వెయ్యబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. పిలవకుండా పోకూడదంది. ఎండలో ఆ మెట్టు మీదే కూర్చుంది. ఆమె పక్కన నేనూ కూర్చున్నాను. లోపల కాగితం అంచు చింపిన చప్పుడు వినిపించింది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు గానీ, నీడ మెట్టు దాటి వీధిలోకి జరిగింది. అమ్మ చీర కొంగు తలమీదకు లాక్కుని కదలకుండా కూర్చుంది. ఇక పోదాం లెమ్మని నేను అనబోతుండగా వెనక అడుగుల చప్పుడయింది.

పిన్ని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఉత్తరం లేదు. అందులో ఏముందో ఆమె చెప్పలేదు, ఆ రోజూ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. వచ్చి మా అమ్మ వెనకే నిలబడింది.

"మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నావేంది అక్కా? లెయ్, లోపలికి రా."

అమ్మ లేవబోయింది, లేవలేకపోయింది. నేను పట్టుకునేలోపలే పిన్ని వంగి ఆమె చంకల కింద చేతులు వేసి లేపింది.