రొట్టెలు కొట్టే చేతికి జపాను గడియారం

కొన్ని రోజులుగా జ్వరంతో మంచం దిగలేదు. ఈ ఉదయం కాస్త తేలికపడి లేచి, తలాపున పెట్టిన గడియారం అందుకుంటే ఆగిపోయి ఉంది. దానికి బ్యాటరీ ఉండదు. కట్టుకున్న మనిషి చేయి కదిలితేనే లోపలి స్ప్రింగు చుట్టుకుంటుంది. చేయి ఊరుకుంటే రోజున్నరకు అదీ ఊరుకుంటుంది. ఆ సంగతి బాగా తెలిసీ, ఇన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, మంచం మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంట్లో ఎవరూ లేరు కనుక సరిపోయింది.

మా ఆయన కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో కండక్టరు. టిక్కెట్టు కోసం చాచిన చేతుల్లో ఆయనకు డబ్బుల కంటే ముందు గడియారాలు కనబడేవి. ఈ పిచ్చి ముందు నుంచీ ఉన్నది కాదు. పెళ్ళినాటి గడియారం మూలపడ్డాక, కామారెడ్డి స్టేషన్ రోడ్డులో పాత గడియారాలు అమ్మే దుకాణానికి పోయి, వెనుక అద్దం బిగించిన జపాను గడియారం ఒకటి చూశాడు. చేయి ఆడిస్తే లోపల అర్ధచంద్రం లాంటి రేకు గిర్రున తిరుగుతోందట. ఇంకేముంది, మనిషి పడిపోయాడు. కొనుక్కొచ్చిన ఆ మొదటిది నారింజ రంగుది, పెళ్ళిపందిట్లో పెట్టినా కనబడేంత మెరుపు. వారం రోజులు ఫోనులో వీడియోలు చూసి చూసి, ఒక సాయంత్రం దిగాలుగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మోసపోయినమే. లోపలి మిషను జపానుదే గని, మొఖానికి ఈడనే ఎవడో రంగేసిండు. జపానోడు గింత మెరుపు చెయ్యడు."

"పెండ్లిచూపులల్ల గూడ గిట్లనే మోసపోయినవా?" అన్నాను.

"అప్పుడు పౌడరు తుడిచి చూసిన" అన్నాడు. ఇద్దరం నవ్వీ నవ్వీ అన్నం చల్లారబెట్టుకున్నాం. ఆ నారింజ గడియారాన్ని మాత్రం పారేయలేదు. మొదటిది కదా అని దాచుకున్నాడు.

రెండోది బస్సులోనే దొరికింది. మాచారెడ్డి ఆయన ఒకరు, దుబాయిలో చాలాకాలం పనిచేసి వచ్చి, ఎల్లారెడ్డిలో చుట్టాలింటికి పోతున్నాడు. ఆయన చేతికి ముదురాకుపచ్చ డయలు గడియారం, డయలు మీది చిన్న కిటికీలో వారం పేరు అరబ్బీలో. మా ఆయన టిక్కెట్టు చింపి ఇచ్చి అక్కడే నిలబడిపోయాడట. వెనుక సీట్లవాళ్ళు అరిచేదాకా కదలలేదు. చివరికి బేరమాడి కొన్నాడో, బతిమాలి కొన్నాడో నాకు చెప్పలేదు. వారం పేరు ఇంగ్లీషులోకి మార్చుకోవచ్చని తెలిసినా మార్చలేదు. శుక్రవారం పొద్దున్నే దాన్ని చూసి, "ఇయ్యాల జుమ్మా" అని నాకు చెప్పేవాడు, నాకు వారాలు తెలియనట్టు.

మూడోది కూడా వచ్చాక అసలు చిక్కు మొదలైంది. గడియారాలు మూడు, ఎడమ చేయి ఒకటే. కట్టుకోనిది ఆగిపోతుంది. సెలవునాడు రెండు చేతులకూ చెరొకటి కట్టుకుని కూరగాయలకు పోయేవాడు. అదీ చాలక, ఒక సాయంత్రం నేను జొన్నపిండి కలుపుతుంటే ఆకుపచ్చది పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"గిది జర కట్టుకోవే. రొట్టెలు కొట్టేటప్పుడు నీ చెయ్యి ఊకె ఆడుతనే ఉంటది గదా."

"మొగోళ్ళ గడియారం నాకెందుకు? పిండి పడితే ఏం జేస్తవ్?"

"పిండి పడితే తుడుస్త. ఆగిపోతె నా పానం మంచిగుండదు."

అలా మొదలైంది. రొట్టె కొట్టే చేయి నాది, చెవి దగ్గర పెట్టుకుని వినేది ఆయన. "కడుపు నిండింది దీనికి" అని మెచ్చుకుని, తరువాత తను తినడానికి కూర్చునేవాడు. ఎంత వేషమో! అప్పుడు విసుక్కున్నాను గానీ, ఇప్పుడు ఆ మాట ఒక్కసారి వినబడితే చాలు.

ఒక మంగళవారం ఎల్లారెడ్డి బస్టాండులో టీ గ్లాసు పట్టుకుని కూలబడిపోయాడు. దవాఖానకు చేరకముందే అంతా అయిపోయింది. బస్సు డ్రైవరు ఆకుపచ్చ గడియారాన్ని రుమాలులో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే నడుస్తోంది. ఆ పొద్దున టిక్కెట్లు చింపిన చేయి చుట్టిన స్ప్రింగు అది. మనిషిని కాల్చి వచ్చారు, ఆయన కదలిక మాత్రం నా గుప్పిట్లో టిక్కుటిక్కుమంటోంది. మరునాడు అది ఆగింది. ఆగినచోటే ఉంచుకుందామనుకున్నాను. ఆయన చేయి ఎంతవరకు నడిపిందో అంతవరకే. ఇంకెవరి చేయీ దాన్ని కదిలించకూడదని కొంగున ముడివేసుకున్నాను.

మూడోనాడు ఎల్లారెడ్డి అవతల మా అత్తగారి వాళ్ళ చెలక పొలంలో పిట్టకు పెట్టాం. మోదుగు విస్తరిలో మాంసం, జొన్నరొట్టె, పక్కన టీ. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తిన్నట్టు. ఎండ నెత్తికెక్కుతోంది, కాకి చెట్టు దిగదు. ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. అప్పుడు మా మరిది, ఆయన తమ్ముడు, నా దగ్గరికి పరుగున వచ్చాడు.

"వదినె, అన్న పానమంత గడియారాల మీదనే ఉండె. గదిట్ల తే."

నేను ముడి విప్పి ఇచ్చాను. విస్తరి పక్కన పెడతాడనుకున్నాను. అతను దాన్ని గట్టిగా ఊపాడు. ఫోను చూసి ముళ్ళు తిప్పి టైము సరిచేశాడు.

"నడుస్తున్నది వదినె! ఆగిన గడియారం పెడితె అన్న తింటడా?"

ఖాళీ కొంగును నేను మళ్ళీ ముడివేసుకున్నాను. కాసేపటికి కాకి దిగి రొట్టె ముక్క ఎత్తుకుపోయింది. "తిన్నడు, తిన్నడు" అని అందరూ మొక్కారు. నేను నేల మీద పడి ఏడుస్తుంటే మరిది భుజం పట్టుకుని, "ఏడువకు వదినె, అన్న తిన్నడు గదా" అని తనూ ఏడ్చాడు. ప్రేమతో చేసిన పని. ఏమనగలను? ఇప్పటికీ చుట్టాలకు ఆ సంగతి గొప్పగా చెబుతాడు, నేను తల ఊపుతాను. మరిది ముళ్ళు తిప్పకముందు అది ఎంత టైముకు ఆగి ఉందో నాకు జ్ఞాపకం లేదు. నాలుగు దాటినట్టుంది. పెద్దముల్లు ఎక్కడుందో ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాదు.

తరువాత గాజులు తీయించారు. బోసిపోయిన ఆ చేతికి ఆకుపచ్చ గడియారం కట్టుకున్నాను. మొగోళ్ళ గడియారమని వెనుక గొణిగారు, గొణగనీ. కొంతకాలానికి స్టేషన్ రోడ్డు దుకాణానికి పోయి నీలం డయలుది ఒకటి కొన్నాను. ముందు దాని ముఖం రంగు పరీక్షగా చూశాను, ఆయన నేర్పిన చదువు. ఇప్పుడు నాలుగున్నాయి. వాటిని వంతులవారీగా కట్టుకుంటాను.

ఈ పొద్దున కళ్ళు తుడుచుకుని, ఆగిపోయిన ఆ ఆకుపచ్చది కట్టుకుని వంటింట్లోకి పోయాను. జ్వరం నోటికి ఏదీ సయించదు, అయినా పిండి కలిపాను. నా ఒక్కదాని రొట్టెలు కొడితే అది పూట కూడా నడవదు. అందుకే రోజూ ఇద్దరికి సరిపడా కలుపుతాను.