ఎడమచేతి పలకరింపు

పోయిన వారం రక్తపరీక్షకు వెళ్ళాను. అరవై దాటాక మనిషికి చుట్టాలతోకన్నా ల్యాబుల వాళ్ళతోనే రాకపోకలు ఎక్కువ. కుడిచేతి నుంచి సూది తీసి, దూది పెట్టి, మోచెయ్యి మడవమన్న నర్సు, కాగితం మీద నా ఇంటిపేరు చూసి ఆగిపోయింది. "లాలాగూడ స్కౌటు క్యాంపు పెద్దసారు మీకేమైతరు మేడమ్?" అంది. మా పెదనాన్న అని చెప్పాను. ఆవిడ గబగబా చేతి తొడుగు విప్పి ఎడమచెయ్యి చాపింది. నేనూ ఆలోచించకుండా ఎడమచెయ్యే ఇచ్చాను. కుడిచెయ్యి మడిచి ఉంది కాబట్టి అలా ఇచ్చానని వెనక కూర్చున్నవాళ్ళు అనుకుని ఉంటారు. సంగతి అది కాదు. ఆవిడ ఎవరో చెప్పాలంటే ముందు ఆ క్యాంపు గురించి చెప్పాలి.

రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న రోజులవి. మా పెదనాన్న కోస్తా నుంచి వచ్చి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. పొద్దున సైరనుకు వెళ్ళి సాయంత్రం సైరనుకు ఇల్లు చేరేవాడు. ఆ తర్వాత ఖాకీ నిక్కరు తొడిగి, మెడకు స్కార్ఫు చుట్టి, స్కౌటు మాస్టరు అయిపోయేవాడు. ఆ సన్నటి కాళ్ళ మీద నిక్కరు గొడుగులా విచ్చుకునేదని మా అమ్మ చాటుగా నవ్వేది. సీతాఫల్‌మండి వెళ్ళే దారిలో ముళ్ళకంపలు తప్ప ఏమీ లేని రైల్వే జాగాను ఆయనా, ఆయన స్కౌట్లూ కలిసి సెలవు రోజుల్లో బాగుచేశారు. పట్టాల కింద వాడి పారేసిన దుంగలు నిలబెట్టి పైన రేకులు వేశారు. ఒక జెండా కర్ర, నాలుగు రాళ్ళ పొయ్యిలు, గంటకు బదులు వేపచెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్క. అదీ క్యాంపు. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే మేమే అప్పడాల్లా వేగిపోయేవాళ్ళం, అయినా ఇంటికి వెళ్ళాలనిపించేది కాదు.

పేరుకు స్కౌట్లదే గానీ, ఆ క్యాంపు చుట్టుపక్కల అందరికీ ఉమ్మడి వసారా. తాళంచెవి మా గుమ్మం పక్కన మేకుకు వేలాడేది. మా చర్చి వాళ్ళ క్రిస్మస్ విందు అక్కడే, బతుకమ్మ ఆటా అక్కడే. పిల్లలకు చుక్కల మందు, ఆడవాళ్ళకు కుట్టుమిషను క్లాసులు, ఇరుకిళ్ళ వాళ్ళ పెళ్ళిళ్ళు, ఎవరైనా పోతే ఓదార్పు కూడికలు, అన్నీ ఆ రేకుల కిందే. అద్దె లేదు. వాడుకున్నవాళ్ళు పొయ్యి బూడిద ఎత్తి, నేల ఊడ్చి, తాళంచెవి తెచ్చి ఇవ్వాలి, అంతే. వాళ్ళు తాళంచెవి తిరిగి ఇచ్చేటప్పుడు పెదనాన్న వెంట వెళ్ళి మూలమూలా చూసి వచ్చేవాడు. ఒకసారి పెళ్ళికొడుకు చేత కూడా చీపురు పట్టించాడు.

స్కౌట్లు ఒకరికొకరు ఎడమచెయ్యి ఇచ్చుకుంటారు. పూర్వం యోధులు డాలు ఆ చేత్తోనే పట్టేవాళ్ళట. ఆ చెయ్యి చాపాలంటే డాలు కింద పెట్టాలి, అంటే నిన్ను నమ్మానని చెప్పడం. ఆడపిల్లల స్కౌట్లయిన గైడ్సులో ఉన్నాను కాబట్టి పెదనాన్న నాకూ ఆ పాఠం చెప్పాడు. బస్తీవాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు. రోజూ చూసి చూసి వాళ్ళే నేర్చుకున్నారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, క్యాంపు జాగాలో రైల్వేవాళ్ళు సామాన్ల గోడౌను కట్టాలనుకుంటున్నారనీ, చూడడానికి పై ఆఫీసరు వస్తాడనీ కబురొచ్చింది. ఆయన వద్దని రాస్తేనే క్యాంపు నిలుస్తుంది. పెదనాన్నకు అన్నం సయించలేదు. ఆ సాయంత్రం రైలు పట్టా మోగించి బస్తీవాళ్ళనందరినీ పిలిచాడు. శుభ్రంగా రమ్మన్నాడు, గొడవ చేయొద్దన్నాడు, ఆఫీసరును గౌరవంగా పలకరించమన్నాడు. పెద్దమనిషి వస్తున్నాడంటే మామూలు దండం ఏం సరిపోతుందని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారేమో.

మర్నాడు ఆఫీసరు జీపు దిగాడు. పెదనాన్న సెల్యూట్ చేసి పక్కకు తప్పుకున్నాడు. చూస్తే వేపచెట్టు దాకా బారుగా జనం, అందరివీ ఎడమచేతులే ముందుకు చాపి ఉన్నాయి. ముందు నిలబడ్డది పూలమ్మే అవ్వ. మల్లెపూలు శాస్త్రప్రకారం కుడిచేత్తో ఇచ్చి, షేక్‌హ్యాండుకు మాత్రం ఎడమచెయ్యి చాపింది. ఆఫీసరు ముఖం జేవురించింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, "ఏమిటిది? అవమానించడానికి పిలిచారా?" అన్నాడు. పెదనాన్న గబగబా ముందుకు వచ్చాడు.

మాట్లాడింది మాత్రం అవ్వే. "గుస్సా కాకు బిడ్డా. గీడ మేమందరం గిట్లనే ఇచ్చుకుంటం. నిరుడు వానలకు మా ఇల్లు మునిగితే పెద్దసారు తాళం తీసిండు. గీ రేకుల కిందనే నా మనమరాలు పుట్టింది. గిది తీస్కుంటే మళ్ళ వానొస్తే మేమేడికి పోవాలె?" అంది. పక్కనే ఆవిడ కోడలి చంకలో ఆ పిల్ల వేలు చీకుతోంది. ఆఫీసరు ఒకసారి పిల్లను, ఒకసారి రేకులను చూశాడు. టీ కూడా ముట్టకుండా జీపెక్కి వెళ్ళిపోయాడు.

"అన్నీ చెప్పానమ్మాయ్, ఎడమచెయ్యి చాపొద్దన్న ఆ ఒక్క ముక్కా చెప్పలేదు. నా వల్లే పోయింది క్యాంపు" అని పెదనాన్న ఆ రోజంతా నాతో అంటూనే ఉన్నాడు. బస్తీలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. పోతుందని తెలిసీ జెండా కర్రకు కొత్త రంగు వేశాడు. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

క్రిస్మస్ విందు రోజున పెదనాన్న పొయ్యిల దగ్గర పొగలో ఉండగా ఎవరో గేటు దగ్గర నిలబడ్డారు. ఆఫీసరు, మామూలు బట్టల్లో, భార్యతో. గోడౌను వేరేచోట కడుతున్నారని ఆయన నోటితోనే చెప్పాడు. తర్వాత కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, కొత్తగా రాత నేర్చుకునే పిల్లాడంత జాగ్రత్తగా, ఎడమచెయ్యి చాపాడు. మసిచేతిని నిక్కరుకు తుడుచుకుని అందుకున్న పెదనాన్న బావురుమన్నాడు. వెనకనుంచి అవ్వ, "ఇగ నేర్చిండు" అంది.

పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. క్యాంపు ఉంది. రేకులు తీసి స్లాబు వేశారు, రైలు పట్టా పోయి కరెంటు బెల్లు వచ్చింది. నేనే అటువైపు వెళ్ళడం మానేశాను. "గా రేకుల కింద పుట్టింది నేనే మేడమ్" అంది నర్సు, నా చెయ్యి వదలకుండా. "మా అవ్వ పోయేదాంక ఎవలకైనా ఎడమ చెయ్యే ఇచ్చింది. ఎవలన్నా తిడితే, నీకు తెల్వదు, నేర్చుకో అంటుండె." ఇద్దరం నవ్వాం, వెనకవాళ్ళు విసుక్కునేదాకా. కాలం తీసుకునేటప్పుడు మనల్ని అడగదు, తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే, ఏదో ఒక పొద్దున చెప్పాపెట్టకుండా చెయ్యి చాపుతుంది.