నడిసముద్రంలో కోరుట్ల మైలేజ్

వానల్లేక, బైకు రిపేరుకు వచ్చే రైతులే లేక కోరుట్లలో నా షెడ్డు మూతపడింది. దుబాయ్ పోయాను. బీచ్‌లో అద్దెకు తిప్పే వాటర్ స్కూటర్లు బాగుచేసే పని దొరికింది. ఉప్పునీళ్లకు వాటి కార్బురేటర్లు ఊరికే మొరాయించేవి. ఎండలో కూర్చుని విప్పడం, కడగడం, లోపలి రబ్బరు పొరలు మార్చి మళ్లీ బిగించడం. అన్నం తింటున్నా చేతులకు పెట్రోల్ వాసనే.

చేరిన కొత్తలో ఒక బండికి ఆ పనంతా చేసి, ట్యూనింగ్ చూద్దామని నేనే సముద్రంలోకి తీసుకెళ్లాను. ఒడ్డున మనుషులు చీమల్లా కనబడేంత దూరం పోయాక ఫుల్ రేస్ ఇచ్చాను. కీచుమంటూ ఇంజన్ పట్టేసింది. నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ ఉన్నా, హ్యాండిల్‌ను కరుచుకుని మా ఊరు మేడిపల్లిలో ఉన్న నా బిడ్డ పేరు పిలుస్తూ ఉండిపోయాను.

చివరికి మా బీచ్‌లో పడవ నడిపే సిరిసిల్ల మల్లేశన్న వచ్చి తాడు విసిరాడు.

"ఏం జేసినవ్ తమ్మీ దీన్ని?"

"పెట్రోల్ తక్కువ తాగాలని స్క్రూ జర బిగించిన అన్నా. మైలేజ్ కోసం."

ఆయన నవ్వలేదు. "గీడ మైలేజ్ ఎవలడిగిన్రు? పెట్రోల్ అందకుంటే ఇంజన్ కాలిపోదా?"

నిజమే, ఎవరూ అడగలేదు. కోరుట్లలో షెడ్డుకు వచ్చిన ప్రతివాడూ అడిగేవాడు. ఆ అలవాటుకు చేయి తనంతట తానే తిరిగింది.

ఇప్పుడు తిరిగొచ్చి, అదే షెడ్డు మళ్లీ తెరిచాను. ఎవరైనా "అన్నా, జర మైలేజ్ పెంచు" అంటే చాలు, స్క్రూ ముట్టుకునే ముందు ఒడ్డు ఎంత దూరముందో చూసుకుంటాను.