వెన్నెల రోజుల వెదురు

అది 1968. గోదావరిఖనిలో ఒక బొగ్గుబావి స్టోర్సులో నేను గుమాస్తాను. అక్కడ దుమ్ము ఎంతంటే, నిరుడు పెట్టిన సుత్తి కావాలంటే ముందు ఇంకో బావి తవ్వాలి. ఎండాకాలం రేకుల కప్పు కింద నా సిరాబుడ్డి కుతకుత ఉడికేదంటే మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నమ్మరు.

ఫిల్లర్లు, అంటే బావిలో బొగ్గెత్తి టబ్బులు నింపేవాళ్లు, మోసే తట్టలను గోదావరి అవతలి కొలాం గిరిజనుల గూడెంవాళ్లు అల్లేవారు. ఆర్డరు మాత్రం మధ్యలో ఒక కాంట్రాక్టరు పేరున ఉండేది. ఆ ఏడు వచ్చిన కొత్త మేనేజరు, అల్లేవాళ్లనే నేరుగా ఇవ్వనిమ్మన్నాడు. గూడెం పెద్ద లచ్చు, ఎడ్లబండి తోలే కరీం భాయ్ జోడీ కట్టారు. అల్లకం వీళ్లది, తోలకం అతనిది, లాభం చెరిసగం. మొదటి సరుకు నిలిస్తే ఏడాదంతా ఆర్డరు వాళ్లదే. లేకుంటే మళ్లీ కాంట్రాక్టరు గుమ్మమే.

ఇండెంట్, అంటే ఏ సరుకు ఏ తేదీకి కావాలో తెలిపే కాగితం, నేనే రాశాను. తేదీ విని లచ్చు తల అడ్డంగా ఊపాడు.

"వెన్నెల రోజులల్ల వెదురు కొయ్యం సారు. గప్పుడు దాంట్ల తీపి ఉంటది, పురుగు పడ్తది. పున్నం దాటినంక కోస్తం."

"లచ్చన్నా, మా మేనేజరు చంద్రుణ్ణి చూసి సంతకం పెడ్తడా?" అని, నా చమత్కారానికి నేనే బెల్లంపల్లి దాకా వినబడేలా నవ్వాను.

కరీం భాయ్ నవ్వలేదు. "పది రోజులే గద సాబ్. ఆయన పని ఆయనకెరుక. జర తేదీ జరుపుండ్రి."

తేదీ జరపాలంటే మేనేజరు గదిదాకా ముప్పై అడుగులు నడవాలి. నాకు అది కాశీయాత్రలా తోచింది. "ఆర్డరు పోతది మరి, మీ ఇష్టం" అన్నాను.

లచ్చు తన చేతులకేసి చూసుకున్నాడు. "సరే సారు. మీరు సదువుకున్నోళ్లు."

తట్టలు తేదీకే వచ్చాయి. ఆ నునుపులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. రెండు నెలలు తిరగకుండానే గోదాం నేలంతా పురుగు తొలిచి రాల్చిన తెల్లపిండి. తట్ట ఎత్తితే అడుగు ఊడేది. ఒక ఫిల్లరు కాలిమీద బొగ్గు పడి వేలు నలిగింది. మేనేజరు లచ్చును పిలిపించాడు.

"పుచ్చిపోయే వెదురు ఎందుకు కోశారయ్యా?"

నేను పక్కనే ఉన్నాను, ఇండెంట్ నా చేతిలోనే ఉంది. లచ్చు ఒక్కసారి నావైపు చూశాడు.

"మా చేతులతోనే కోసినం సారు. తప్పు మాదే."

ఆర్డరు కాంట్రాక్టరుకు తిరిగిపోయింది. కరీం భాయ్ నాకు సలాం చేయడం మానేశాడు. లచ్చు మాత్రం, కాంట్రాక్టరు బండి వెనక నడిచొచ్చినప్పుడల్లా, "బాగున్నరా సారు?" అని పలకరించేవాడు. అదే ఓర్చుకోలేకపోయేవాణ్ణి.

కొత్త గుమాస్తాలకు ఇండెంట్ రాయడం నేర్పేటప్పుడు, తేదీ వేసేముందు ఆ సరుకు చేసే మనిషిని అడగమంటాను. ఎందుకని అడిగితే ఈ కథ చెబుతాను. లచ్చు నావైపు చూసినా నేను నోరు విప్పలేదన్న ముక్క మాత్రం ఇన్నేళ్లూ దాటేస్తూ వచ్చాను. ఇవాళ రాశాను.