ముందే పంచేసిన లడ్డూలు

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో మా తెలుగు కుటుంబాలు నెలకోసారి ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో కలిసేవి. ఇంటికో వంటకం. అలాంటి ఒక శనివారం, మా అందరిలోకీ పేరున్న డాక్టర్ అంకుల్ మా అమ్మ చేసిన పులిహోర తింటూ నా కాలేజీ గ్రేడ్లు అడిగారు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి, ఫిజిక్స్‌లో సి అని నాకన్నా ముందే మా నాన్న చెప్పేశారు.

"ఈ గ్రేడ్స్‌తో మెడికల్ స్కూలా?" అంకుల్ నవ్వారు. "ల్యాబ్ టెక్నీషియన్ కోర్స్ చెయ్యమ్మా. అదీ తెల్లకోటే!"

బేస్‌మెంట్ అంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. కాలేజీలో సలహాదారు కూడా నా గ్రేడ్లు చూసి, టీచర్ ఉద్యోగం ఎంత హాయో వివరించాడు. ఆయన మీద కోపం కొంచెం తక్కువ. ఆయన మా పులిహోర తినలేదు కదా.

ఆ పంతంతోనే వేసవిలో ఆర్గానిక్ కెమిస్ట్రీ మళ్ళీ చదివి ఎ తెచ్చుకుని, దొరికిన ప్రతి మెడికల్ స్కూల్‌కీ అప్లై చేశాను. స్కూళ్ళన్నీ వద్దన్నాయి. చలికాలంలో ఒక్క స్కూల్ మాత్రం ఇంటర్వ్యూకి రమ్మని ఫోన్ చేసింది. నేను ఇంట్లో లేను. ఫోన్ అమ్మ తీసింది. నేను వచ్చేసరికి ఇల్లంతా నెయ్యి వాసన.

"అమ్మా, ఇంటర్వ్యూకి పిలిచారంతే!"

"మా రోజుల్లో మార్కులు చూసే పిలిచేవాళ్ళు. పిలిచారంటే సీటిచ్చినట్టే. ఊరికే కాఫీ ఇచ్చి పంపడానికి పిలుస్తారేంటి?"

ఆ శనివారానికి ఊళ్ళో తెలుగువాళ్ళందరూ మా లడ్డూలు తినేశారు. డాక్టర్ అంకుల్ రెండు తిన్నారు.

ఇంటర్వ్యూలో ఒక ముసలి ప్రొఫెసర్, సి వచ్చిన సబ్జెక్ట్ మళ్ళీ ఎందుకు చదివావని అడిగారు. తెల్లకోటు సంగతి మొత్తం చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. ఆ నవ్వు కూడా గుర్తుంది, కానీ దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అయినా సీటు రాలేదు. ఎవరైనా మానుకుంటే ఇస్తాం, వెయిటింగ్‌లో ఉండమన్నారు.

ఇక్కడ మావాళ్ళకేమో నేను అప్పటికే డాక్టర్ని. పార్టీకి వెళ్తే చాలు, ఆంటీలు పిల్లల్ని నా ముందుకు తోసేవారు. "నోరు తెరువు నాన్నా, అక్క గొంతు చూస్తుంది." చూసేదాన్ని. ఏం చెయ్యను? సీటు రాకపోతే తిన్న ప్రతివాళ్ళకీ ఆ లడ్డూ గురించి నేనే సంజాయిషీ చెప్పుకోవాలి.

అందుకని ప్రతి సోమవారం పొద్దున్నే అడ్మిషన్స్ ఆఫీస్‌కి ఫోన్ చేసేదాన్ని. అక్కడి సెక్రటరీ నా "హలో" వినగానే "ఇంకా లేదు, హనీ" అనేది. వేసవి చివర్లో ఒకరోజు ఆవిడే ఫోన్ చేసింది. "సీటొచ్చింది. ఇక సోమవారాలు నన్ను కాఫీ తాగనివ్వు."

కేకేసి అమ్మకి చెప్పాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. లడ్డూలు చెయ్యమన్నాను.

"మళ్ళీనా? ఏమని పంచమంటావే? పోయినసారి అబద్ధం చెప్పామనా?"

అలా నా అసలు సీటుకి ఎవరూ కంగ్రాట్స్ చెప్పలేదు. వినాయక చవితి పార్టీలో డాక్టర్ అంకుల్ ఐస్‌క్రీం కప్పుతో నా పక్కకి వచ్చారు.

"చలికాలంలోనే లడ్డూలు తిన్నాం, సెకండ్ ఇయర్ కదమ్మా ఇప్పుడు? నువ్వు డాక్టరవుతావని నేనప్పుడే అన్నాను."

"మీరన్నది అది కాదంకుల్," అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. పులిహోర దగ్గర మొదలుపెట్టి, ఆయన కప్పులో ఐస్‌క్రీం పూర్తిగా కరిగిపోయేదాకా చెప్పాను.