నర్సమ్మ కారుకు వేసిన అతుకు

మైదుకూరులో కర్నూలు రోడ్డు మీద నాకొక చిన్న షాపు ఉంది. పగిలిన ప్లాస్టిక్ సామాన్లకు అతుకులు వేస్తాను. నీళ్ల ట్యాంకులు, కుర్చీలు, రైతులు వీపుకు తగిలించుకుని పొలంలో మందు కొట్టే డబ్బాలు, ఏవి తెచ్చినా కాదనను. ఈ పని మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన బొగ్గుల కుంపటి, రెండు ఇనుప కడ్డీలు సైకిలుకు కట్టుకుని ఊరూరా తిరిగి బిందెలు అతికేవాడు. కుంపటికి బదులు నా దగ్గర కరెంటు మిషను ఉంది. అంతకు మించి తేడా లేదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక పొద్దున షాపు ముందు పాత కాలపు కారొకటి ఆగింది. స్టీరింగు దగ్గర నుంచి దిగింది డెబ్బై దాటిన ఒకావిడ. చూడగానే గుర్తుపట్టాను. మా చుట్టుపక్కల పల్లెల్లో అందరూ ఆమెను నర్సమ్మ అనే పిలుస్తారు. చర్చి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన రోజుల్లో, అక్కడి డాక్టరు రిటైరై వెళ్తూ ఆ కారు ఆమెకు ఇచ్చి వెళ్లాడట. ఆమె డ్రైవింగు నేర్చుకుని, పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్లను ఎక్కించుకుని తానే కడప పెద్దాసుపత్రికి తోలుకుపోయేది.

ఆమె వెంట ఒక మెకానిక్ కూడా దిగాడు. ప్రొద్దుటూరులో గ్యారేజీ. ఆ కారును మొదటి నుంచీ చూసుకుంటున్నది ఆయనే. ఇంజను బాగానే ఉంది గానీ డ్యాష్‌బోర్డులో మీటర్ల చుట్టూ ఉండే నల్ల చట్రం ఎండకు పెళుసుబారి మూడుచోట్ల చీలిపోయింది. ఒక మూల అయితే ముక్కే రాలిపోయింది. ఆ రకం కార్ల తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. కొత్త చట్రం ఎక్కడా దొరకలేదు.

“రెగ్జిన్ కప్పేద్దాం అంటాండా. వినడం లేదీమె,” అన్నాడు మెకానిక్.

“పైన గుడ్డ కప్పితే లోపల పగులు పోతాదా?” అంది నర్సమ్మ. “నాకు ముందెట్లుండెనో అట్లే కావాల. పదైదు దినాలకు గండికోట కాడ పాత కార్లోళ్లంతా కలుస్తాండారు. నన్నూ రమ్మన్నారు.”

మెకానిక్ నా షాపు లోపలికి తొంగి చూశాడు. మూలన బిందెలు, విరిగిన కుర్చీలు. “బిందెలు అతికే పిల్లతో అయ్యే పనేనామ్మా ఇది?” అని ఆమెతో అన్నాడు. నన్ను చూసి అనలేదు గానీ నాకు వినబడేట్టే అన్నాడు.

“ఇచ్చిపోండమ్మా. చేస్తా,” అన్నాను. రోషంతో అన్న మాట అది. అంతవరకు నేను కారు లోపలి సామాను ఒక్కటీ ముట్టుకోలేదు.

ఆ రోషమే నన్ను తొందరపెట్టింది. ట్యాంకులకు వాడే ప్లాస్టిక్ కడ్డీనే కరిగించి పగుళ్లు పూడ్చేశాను. సాయంత్రానికి చూడముచ్చటగా కనిపించింది. మరుసటి రోజు గోటితో గీరితే ఎండిన పుండు మీది పొక్కులా మొత్తం లేచొచ్చింది. అంతేకాదు, ఒక చీలిక అంగుళం దాకా ముందుకు సాగింది.

ఇంటికి తీసుకుపోయి నాయనకు చూపించాను. ఆయనకిప్పుడు చూపు సరిగా ఆనదు. చట్రాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడిమాడు.

“కాల్చి పొగ చూసినావా?”

“లేదు నాయనా.”

“మరి ఏం జాతి ప్లాస్టిక్కో తెలియకుండా ఎట్ల అతికిస్తివి?”

వెనక వైపు నుంచి గోరంత ముక్క గీసి నీళ్ల గ్లాసులో వేశాను. బిందె ప్లాస్టిక్ అయితే తేలుతుంది. ఇది మునిగిపోయింది. ఇంకో ముక్క తీసి అగ్గిపుల్లతో అంటించాను. నల్లటి మసి, ఘాటైన వాసన. నాయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. “పాత టెలిఫోను డబ్బాలుండె చూడు, ఆ జాతి ఇది,” అన్నాడు.

పని మళ్లీ మొదలుపెట్టే ముందు నర్సమ్మ ఇంటికి వెళ్లాను. దాచి పెట్టడం నాకు చేతకాలేదు.

“అమ్మా, మొదటి తూరి తప్పు చేసినా. పగులు ఇంకొంచెం సాగింది.”

ఆమె నా మొహంలోకి చూసింది. “చెప్పకుండా పూసి ఇచ్చింటే కోపమొస్తుండె. చెప్పినావు కదా. ఇంకో తూరి చెయ్యి పాపా.”

పాత సామాన్ల అంగట్లో నాలుగు నల్ల టెలిఫోన్లు దొరికాయి. వాటిని ముక్కలు చేసి, గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌లో నానబెడితే రాగి అంబలిలా చిక్కటి ముద్ద తయారైంది. ఈసారి పగులు కొసన సన్నటి రంధ్రం వేసి అది ఇంకా సాగకుండా ఆపాను. బలం కోసం టీ వడగట్టే స్టీలు జాలీని కత్తిరించి, వేడి ఇనుప కడ్డీతో వెనక వైపు ప్లాస్టిక్‌లోకి అదిమాను. ముందు వైపు ముద్దను పొర మీద పొర పూసి, ఒక్కో పొరను రోజంతా ఆరనిచ్చాను. రాలిపోయిన మూలను కూడా ఆ ముద్దతోనే కట్టాను. ఆరాక నీళ్లు చల్లుతూ గరుకు కాగితంతో రుద్దాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. పాత చట్రం మీద తోలు మీద ఉన్నట్టు సన్నటి గీతలున్నాయి. నేను అతికిన చోటు నున్నగా మెరుస్తూ వేరుగా కనబడుతోంది. బాగున్న భాగం మీద, ఆరితే రబ్బరులా అయ్యే సిలికాన్ పూసి ఆ గీతల అచ్చు తీశాను. అతుకు మీద ముద్దను ఇంకో పలుచని పొర పూసి, అది మెత్తగా ఉండగానే ఆ అచ్చును ఒత్తాలి. టెలిఫోను ముక్కల మీద మూడుసార్లు చెడగొట్టాను. నాలుగోసారి కుదిరింది. అప్పుడు గానీ చట్రం మీద చెయ్యి వేయలేదు. పైన మెరుపు లేని నల్ల రంగు కొట్టాను.

బిగించే రోజు మెకానిక్ చట్రాన్ని ఎండలోకి తీసుకుపోయి అటూ ఇటూ వంచి చూశాడు. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాడు. ముందు వైపు ఏమీ దొరకలేదు. తిప్పి వెనక జాలీ చూశాడు.

“మీ నాయన చేసినాడా?”

“నేనే చేసినా. స్క్రూలు శానా గట్టిగా బిగించగాకు అన్నా. ఎండకు సాగడానికి చోటుండాల.”

ఆయన స్క్రూలు బిగించే మిషను పక్కన పెట్టి చేత్తో, నేను చెప్పినట్టే బిగించాడు.

గండికోటకు నర్సమ్మ నన్నూ రమ్మంది. ఆమె నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. మెకానిక్ తన బండి మీద మా వెనకే వచ్చాడు. కోట బయట మైదానంలో ఇరవై దాకా పాత కార్లు నిలబెట్టి ఉన్నాయి. కర్నూలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా కారులోకి వంగి, “ఈ చట్రం కొత్తది యాడ దొరికిందమ్మా? నేను రెండేండ్లుగా వెతుకుతాండా,” అని అడిగాడు.

“కొత్తది కాదప్పా. పాతదే. ఈ పాప అతికింది,” అంది నర్సమ్మ.

ఆయన నమ్మలేదు. ఇంకో ఇద్దరిని పిలిచాడు. ముగ్గురూ వేళ్లతో తడిమి చూశారు. “ఏం చదివినావు పాపా?” అని అడిగాడు పెద్దాయన.

బళ్లో చదివే రోజుల్లో నాయన సైకిలు మా వీధిలోకి వస్తే నేను సిగ్గుతో పక్క సందులోకి తప్పుకునేదాన్ని. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఆ రోజు అంతమంది మధ్యన నాకు తడబాటు కలగలేదు.

“పదో తరగతి సార్. మా నాయన ఊర్లు తిరిగి బిందెలు అతికేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నా,” అన్నాను.

ఆయన తల ఊపి, తన కారు చట్రాన్ని ఎప్పుడు పంపమంటావని అడిగాడు. కాస్త ఎడంగా నిలబడి ఉన్న మెకానిక్ ముందుకొచ్చి, “నాకియ్యండి సార్, నేను చేరుస్తా. ఇట్లాంటి పని ఈ చుట్టుపక్కల ఈమె తప్ప ఎవరూ చేయలేరు,” అన్నాడు. నేను కోట గోడ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నాను. చెమటే అనుకున్నారు అందరూ.

తిరిగి వచ్చేటప్పుడు నర్సమ్మ మా ఇంటి ముందు కారు ఆపింది. నాయనను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాను. ఆయన చట్రం మీద ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు వేలు నడిపాడు.

“పగులు యాడుండె?”

ఆయన వేలు పట్టి చూపించాను. అక్కడే బొటనవేలితో రుద్ది, “బాగుండాది,” అన్నాడు. ఇన్నేళ్లలో నా పనిని ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

“ఒక చుట్టు తిరిగొద్దామా పెద్దాయనా?” అంది నర్సమ్మ.

“పోదాం తల్లీ,” అన్నాడు నాయన. నేను వాకిట్లోనే నిలబడిపోయాను. కారు వీధి చివర మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి డ్యాష్‌బోర్డు మీదే ఉంది.