అన్న పట్టిన పథ్యం

మా అన్నకు గుండె బలహీనమైందని నెల్లూరులో డాక్టరు చెప్పాక, అన్న కూతురు, తడ దగ్గర కంపెనీలో పనిచేసే పిల్ల, చాక్లెట్ కొనుక్కొచ్చింది. తియ్యటిది కాదు, కోకో ఎక్కువుండే నల్లటి చేదు చాక్లెట్. గుండెకు మంచిదని ఫోన్లో చూసిందట. "రోజూ ఒక్క ముక్క తిను నాన్నా. మాత్రలు మాత్రం మానబాకు" అని అప్పజెప్పి వెళ్లింది.

అన్న పులికాట్ సరస్సులో వల వేసి బతికిన మనిషి. నేను సూళ్లూరుపేటలో బట్టలు కుడతాను. నా చదువు ఎనిమిదితో ఆగింది గానీ, మా ఊరి గ్రంథాలయంలో నేను తిరగెయ్యని బీరువా లేదు. ఆ వారం గుండె మీద, ఆహారం మీద ఉన్న పుస్తకాలన్నీ ముందేసుకున్నాను. కోకోలోని కొన్ని పదార్థాలు రక్తనాళాలను కాస్త సడలిస్తాయి, రక్తపోటు కొద్దిగా తగ్గొచ్చు. గుండెపోటును ఆపుతుందని మాత్రం గట్టిగా చెప్పలేరు. చక్కెర, కొవ్వు ఎక్కువైతే ఆ కాస్త మేలూ పోతుంది. ఇదంతా అన్నకు విప్పి చెప్పాలని ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

వదిన అన్నం పెట్టింది. నాకు పండుగప్ప పులుసు. అన్న పళ్లెంలో ఉత్త పెసరకట్టు.

"ఏందన్నా, చేప వేసుకోలా?"

"పత్తెంరా. చేప, చింతపండు, వంకాయ, అన్నీ బంద్."

"దేనికి పత్తెం?"

"చాక్లెట్టుకు!" వదిన కసిరింది. "పిల్లకాయలు తినేదానికి పత్తెం పట్టిన మొగోణ్ణి ఈయన్నే చూసినా."

మా వైపు నాటు వైద్యుడు పొట్లం కట్టేటప్పుడే తినకూడనివి చెబుతాడు. ఈ చాక్లెట్ చేదుగా ఉంది, జబ్బు కోసం ఇచ్చారు. కాబట్టి అన్న లెక్కలో అది మందే. ఏం తినకూడదో ఎవరూ చెప్పలేదు గనక ఆయనే చెప్పుకున్నాడు.

"ఉప్పు తగ్గించి చేప తినమని డాక్టరే చెప్పినాడు గదన్నా. పుస్తకాల్లోనూ అదే ఉండాది. చాక్లెట్ చేసే మేలు గోరంత. నువ్వు చూస్తే పుల్లయిపోతా ఉండావు."

"ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడన్నా పడవెక్కినాడంట్రా?"

నవ్వాడు. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది. తేరుకుని, వదిన లోపలికి పోయేదాకా ఆగి అన్నాడు: "నా సంగతి నాకు తెలుస్తానే ఉందిలే. బిడ్డ ఆశపడి ఇచ్చింది. నేను పత్తెం తప్పి అది పనిచేయకపోతే, దాని ఆశ నేనే చెడగొట్టినట్టు."

సాయంత్రం బస్సెక్కి వచ్చేశాను. తర్వాత ఎన్ని ఆదివారాలు వెళ్లినా అదే పెసరకట్టు. వానలకు ముందు ఒక మధ్యాహ్నం, గోడకానుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

పెద్దకర్మ రోజు అన్న పేరున పెట్టే విస్తట్లో వదిన అన్నిటికంటే ముందు పండుగప్ప ముక్క వేసింది.

"నాన్న చేపలు మానేసినాడంట, ఎందుకమ్మా?" కూతురు అడిగింది.

"నోటికి రుచి పోయిందిలే." వదిన తలెత్తలేదు.

ఆ పిల్ల నావైపు తిరిగింది. "చిన్నాయనా, నువ్వు అన్నీ చదివినావు గదా. ఆ చాక్లెట్ నాన్నకు ఏమన్నా పనిచేసిందా?"

రక్తపోటు కొద్దిగా తగ్గొచ్చు అన్న వాక్యం వరకు చెప్పి ఆపాను.

"కాస్తన్నా చేసిందన్నమాట" అని కళ్లు తుడుచుకుంది.

వదిన ఇంకో ముక్క వేసి, విస్తరిని కాకుల కోసం బయటికి తీసుకుపోయింది.